రెండో మైనపు గీత

ఆ శనివారం మధ్యాహ్నం సొబోలాక్ వాళ్ళింట్లో ఉన్నది నలుగురు మనుషులూ ఒక ముసలి పిల్లీ. భోజనాల బల్లకి ఒకవైపు జెర్రీ సొబోలాక్, పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా టాలివర్ గారు. ఆటగాళ్ళ బొమ్మలుండే పాత బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్‌ని ఎవరైనా విప్పి మళ్ళీ అతికించారా లేదా అని పట్టుకోవడంలో పెన్సిల్వేనియా మొత్తం మీద ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పని మీదే పొద్దున్నే బయల్దేరి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. వంటగదిలో జెర్రీ పిన్ని వాండా, డెబ్భై తొమ్మిదేళ్ళావిడ, అట్ల కోసం బంగాళాదుంపలు తురుముతోంది. వాళ్ళ పోలిష్ పెద్దల మాటలో పిన్నిని చోచీ అంటారు. ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ చోచీయే. గోడవార స్టూలు మీద జెర్రీ కూతురు గ్వెన్, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. తల్లి వృద్ధాశ్రమంలో నర్సు, డ్యూటీకి వెళ్ళింది. పిల్లి హీటర్ మీద పడుకుని ఉంది. దానికి ఈ గొడవేమీ పట్టలేదు.

బల్ల మధ్యలో ఒక అట్టపెట్టె. అందులో 1979 నాటి కార్డుల ప్యాకెట్లు, మైనపు కాగితంలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. అప్పట్లో వాండా కొండ దిగువ కార్డుల ఫ్యాక్టరీలో పనిచేసేది. జెర్రీ పదో పుట్టినరోజుకి తనే తెచ్చి ఇచ్చింది. ఆ వారమే జెర్రీ చర్చి కిటికీ అద్దం పగలగొట్టాడు. వాళ్ళమ్మ పెట్టె తీసుకుని బీరువా మీద పెట్టేసి, ఏడాది దాకా ముట్టుకోవద్దంది. ఏడాది తర్వాత ఇచ్చింది కానీ, అన్నాళ్ళు తెరవకుండా ఉన్నవాడికి తెరవకపోవడమే గొప్పగా తోచింది. అలా ముప్పై ఏడేళ్ళు గడిచిపోయాయి. ఊళ్ళో జెర్రీకి ఆస్తీ లేదు, హోదా లేదు. ‘ముప్పై ఆరు ప్యాకెట్లున్నా ఒక్కటి విప్పని మనిషి’ అన్న పేరు మాత్రం ఉంది.

పోయిన నెల స్నేహితుడు ఆండీ యూరిక్ అరవయ్యో పుట్టినరోజుకి జెర్రీ ఆ పెట్టెలోంచి ఒక ప్యాకెట్ తీసి బహుమతిగా ఇచ్చాడు. యూరిక్ కార్డుల క్లబ్బుకి పెద్ద. ఇంటికెళ్ళి దాన్ని దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు. వెనక మడత మీద మైనం గీత ఒకటుండాలి, రెండున్నాయి. ఒకసారి అతికిన ప్యాకెట్‌ని విప్పి, మంచి కార్డు తీసేసి, చెత్త కార్డు పెట్టి, వేడి చేసి మళ్ళీ అతికిస్తే పడే గీత అది. యూరిక్ జెర్రీని పక్కకి పిలిచి అడగలేదు. అగ్నిమాపక దళం వాళ్ళ ఫైర్ హాల్లో, ఆదివారం కార్డుల సంతలో, అందరి ముందూ ‘మళ్ళీ అతికించేవాడు’ అన్నాడు. ఆ క్లబ్బులో మనిషిని తిట్టడానికి అంతకంటే పెద్ద మాట లేదు. సంతలో జెర్రీ కార్డులు పెట్టుకునే బల్ల తీసేశారు. టాలివర్ గారొచ్చి మిగతా ముప్పై ఐదూ చూసి బాగున్నాయంటే సరి, లేదంటే క్లబ్బులోంచి పేరు కూడా కొట్టేస్తారు.

ఆ రోజు నుంచీ జెర్రీ సరిగ్గా తినలేదు. గ్వెన్ కూడా తినలేదు. ఆమె భయం వేరు.

నాలుగేళ్ళ క్రితం, పదకొండేళ్ళప్పుడు, ఎవరూ లేని ఒక మధ్యాహ్నం గ్వెన్ ఆ పెట్టెలోంచి ఒక ప్యాకెట్ తీసింది. కాగితం మీద చేతిరుమాలు పరిచి, జుట్టు సాఫు చేసే ఇస్త్రీ కడ్డీని తక్కువ వేడి మీద పెట్టి, మడతలు ఒక్కొక్కటే లేపింది. కార్డు దొంగిలించాలని కాదు. తను పుట్టకముందు నుంచీ చీకట్లో ఉన్న ఆ ముఖాల్ని ఒక్కసారి చూడాలనిపించింది, అంతే. వరస తప్పకుండా చూసి, వరస తప్పకుండా పెట్టేసింది. కార్డులతో పాటు లోపల పెట్టే గులాబీ రంగు బబుల్‌గమ్ బిళ్ళ మూల విరిగితే ఆ ముక్క నోట్లో వేసుకుంది. సుద్దముక్క నమిలినట్టుంది. తర్వాత పాత మైనం గీత మీద వెంట్రుకవాసి కూడా పక్కకి పోకుండా కాగితం అతికించింది. నాన్న యూరిక్‌కి ఇచ్చింది ఆ ప్యాకెట్టే అయ్యుంటుందని మూడు వారాలుగా ఆమె గుండెలో రాయి పడి ఉంది. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా ఉప్పు అందించమని అడిగి ఊరుకుంది. బళ్ళో టీచరు పేరు పిలిస్తే పలకడానికే ఊపిరి తీసుకునే పిల్ల.

టాలివర్ గారు చేతులు కడుక్కుని వచ్చి, పల్చటి గుడ్డ తొడుగులు వేసుకున్నాడు. చిన్న దీపం వెలిగించాడు. ఒక్కో ప్యాకెట్‌నీ పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, భూతద్దంతో మడతలు చూసి, చివర్లో ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు.

“వాసనెందుకండీ?” అన్నాడు జెర్రీ.

“పాత బబుల్‌గమ్ ఒకలా ఉంటుంది. కొత్తగా కరిగిన మైనం ఒకలా ఉంటుంది. మా ఆవిడ వంటలో మాత్రం నాకు ఏ వాసనా తెలీదంటుంది.”

జెర్రీ నవ్వబోయి మానేశాడు.

బాగున్నవి ఎడమవైపు, అనుమానమున్నవి కుడివైపు. ఆరో ప్యాకెట్ బయటికి రాగానే గ్వెన్ స్టూలు మీద నిటారుగా కూర్చుంది. కాగితం మీది ఆటగాడి బొమ్మ అచ్చులో రంగు జరిగి, టోపీకి రెండు అంచులు పడిన ప్యాకెట్ అది. తను విప్పింది అదే. అంటే యూరిక్ దగ్గర ఉన్నది వేరే ప్యాకెట్. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, మరి యూరిక్ చూసిందేమిటి అనుకుంది.

టాలివర్ గారు టోపీ ప్యాకెట్‌ని దీపం దగ్గర పెట్టాడు. తిప్పాడు. వాసన చూశాడు. ఎడమవైపు పెట్టాడు.

ఆ తర్వాతది కుడివైపుకి వెళ్ళింది. దాని తర్వాతదీ అంతే.

గంట గడిచేసరికి కుడివైపు పదకొండు చేరాయి. టాలివర్ గారు తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు.

“జెర్రీ, నాకు మాట తిప్పడం రాదు. పదకొండు మళ్ళీ అతికించినవి.”

“నేను ముట్టుకోలేదండీ.”

“అందరూ అదే అంటారు. మీరన్నంత నెమ్మదిగా ఎవరూ అనలేదు, అదీ ఒప్పుకుంటాను. కానీ గీత గీతే.” ఆయన సంచిలోంచి ఒక గాజుడబ్బీ తీశాడు. అందులో ఒకే ఒక్క ప్యాకెట్ ఉంది. “ఇది చూడండి. పన్నెండేళ్ళుగా దీన్ని వెంట పెట్టుకు తిరుగుతున్నాను. మోసం ఎలా ఉంటుందని ఎవరడిగినా ఇదే చూపిస్తాను. మీ పదకొండూ దీనికి తోబుట్టువులు.”

జెర్రీ రెండు చేతులూ బల్ల మీద ఆనించి వాటినే చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఐదింట్లో విప్పినది ఒక్కటేనని గ్వెన్‌కి తెలుసు. ఈయన పదకొండంటున్నాడు. ఆ పదకొండులో ఆ ఒక్కటీ లేదు. ఇంత పెద్దాయన తప్పు చెప్తున్నాడని ఈ భూమ్మీద తెలిసినది తనకొక్కదానికే. ఎలా తెలుసని అడిగితే ఏం చెప్పాలి?

“ఏమిట్రా జెర్రీ, అంత చప్పుడు లేకుండా ఉన్నారు? ఎవరన్నా పోయారా?” వంటగదిలోంచి వాండా కేకేసింది.

“ఏం లేదు చోచీ.”

“ఏం లేకపోతే మాట్లాడుకోండి, నాకు వినపడేలా.” ఆవిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కొడుకులాంటివాడి ముఖం చూసింది, కుడివైపు వరస చూసింది. వెనక్కి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారింది. సబ్బు వాసనతో తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏది, ఇటివ్వు నాయనా.”

టాలివర్ గారు జెర్రీ వైపు చూశాడు. జెర్రీ తలూపాడు. వాండా మొదటి ప్యాకెట్ అందుకుని, చూడకుండానే బొటనవేలు వెనక మడత మీద నడిపింది.

“బెర్నీస్ చెయ్యి,” అంది. రెండోది తీసుకుంది. “ఇదీ బెర్నీసే. దానికి అన్నిట్లోనూ తొందరే, పెళ్ళితో సహా.” మూడోది తీసుకుని ఆగింది. “హెలెన్ డ్రోజ్డ్. పాపం, మొన్న వేసవిలో పోయింది.”

“అమ్మా, మీరేమంటున్నారో నాకు అర్థం కావడం లేదు,” అన్నాడు టాలివర్ గారు.

“ఇందులో అర్థం కాకపోవడానికేముంది? చలికాలంలో సరుకు దింపే తలుపు తెరిచారంటే మిషన్ కింద వేడి పలక చల్లారిపోయేది. మడతలు సగం సగం అంటుకునేవి. ప్యాకెట్లు మోసుకొచ్చే బెల్టు చివర మేం నలుగురం కూర్చునేవాళ్ళం. కాఫీ కాచుకునే పొయ్యి మీద చిన్న ఇనప పలకలు పెట్టుకుని, లేచిన మడత మీద ఒక్క రాపు రాసి డబ్బాలో పడేసేవాళ్ళం. సాయంత్రం నడిచే రెండో షిఫ్టులో రోజూ ఉన్నదే.”

“ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లతో నేను స్వయంగా మాట్లాడానండీ. ప్యాకెట్ ఒక్కసారే అతుకుతుందని ఇద్దరూ చెప్పారు.”

“ఇంజనీర్లు అయిదింటికి ఇంటికెళ్ళిపోయేవాళ్ళు,” అంది వాండా.

టాలివర్ గారు కోపగించుకోలేదు. అదే ఆయనలోని గొప్ప. కానీ ఊరికే నమ్మలేదు కూడా. “మీరు చెప్పేది అబద్ధమని అననమ్మా. మీ అబ్బాయి కోసం ఎవరైనా ఇలాగే చెప్తారు కదా. నాకు కంటికి కనపడాలి.”

“కనపడాలంటే చూడు. నువ్వు గీతలు లెక్కపెట్టావు, అవెక్కడున్నాయో చూడలేదు.” ఆవిడ ప్యాకెట్‌ని ఆయన దీపం కిందకి జరిపింది. “మా గీత మిషన్ గీతకి ఎంత దూరంలో ఉందో చూశావా? గోరంత పక్కన. దొంగ అలా రాస్తాడా? దొంగకి దాచాలి. అందుకని పాత గీత మీదే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాడు. మాకు దాచేదేముంది? ఇంకో మూడువందలు వెనక వస్తుంటే ఎక్కడ పడితే అక్కడ రాసేవాళ్ళం. ఇంకోటి. పలక ఎత్తేచోట మైనం చిన్న బొట్టులా ఆగుతుంది. వాళ్ళు ముగ్గురూ ఎడమ నుంచి కుడికి రాసేవాళ్ళు, బొట్టు కుడి చివర ఉంటుంది. నాది ఎడమచేతి వాటం. నా బొట్టు ఎడమ చివర.”

టాలివర్ గారు పదకొండు ప్యాకెట్లనీ బల్ల కిందకి తీసుకెళ్ళి కలిపేసి, మళ్ళీ వరసగా పేర్చాడు. “కళ్ళు మూసుకుని మీవి తీయగలరా?”

“ఇదేం పిల్లలాటయ్యా,” అంటూనే ఆవిడ కళ్ళు మూసుకుంది. ముడతలు పడిన ఆ వేళ్ళు ప్యాకెట్ల మీద నడుస్తుంటే గ్వెన్ ముందుకి వంగి చూసింది. చర్చిలో అక్షరాలు కనపడక పాటల పుస్తకం దూరంగా పట్టుకునే చోచీ. సీసా మూత రాకపోతే ‘కాస్త తిప్పవే’ అని తనకిచ్చే చోచీ. ఆ వేళ్ళకి ఏం తెలుసని ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వేళ్ళు రెండుచోట్ల ఆగాయి. రెండు ప్యాకెట్లు ముందుకి జరిగాయి.

టాలివర్ గారు భూతద్దం పెట్టి ఆ రెండూ చూశాడు. మిగతా తొమ్మిదీ ఒక్కొక్కటే చూశాడు. రెండింటికి బొట్టు ఎడమ చివర, తొమ్మిదింటికి కుడి చివర.

“ఆ డబ్బీలోదేమిటి?” అంది వాండా, కళ్ళు తెరిచి.

ఆయన గాజుడబ్బీ ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని కిసుక్కున నవ్వింది. “దీన్ని పట్టుకుని ఊరూరా తిరుగుతున్నావా? ఇదీ నాదే.”

టాలివర్ గారు డబ్బీ తీసుకుని భూతద్దం పెట్టాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“పన్నెండేళ్ళు. ఎన్ని వందలమందికి చూపించానో. మోసమంటే ఇది అని.”

“చూపించావు సరే. ఈసారి చూపించేటప్పుడు నా పేరు చెప్పు.”

ఆయన లేచి నిలబడ్డాడు. సంచిలోంచి పుస్తకం, కలం తీశాడు. నిలబడే, “రెండో షిఫ్టు వాళ్ళందరి పేర్లూ చెప్పండమ్మా, నిదానంగా,” అన్నాడు. వాండా చెప్పింది. బెర్నీస్ హుడాక్, హెలెన్ డ్రోజ్డ్, స్టెల్లా మార్కెట్టి, తను. ఆయన ప్రతి పేరుకీ అక్షరాలు అడిగి మరీ రాసుకున్నాడు. జీవితమంతా తెలిసిందనుకున్న పనిలో, అరవై దాటాక, తప్పు చేశానని నిలబడి రాసుకునే మనిషిని గ్వెన్ అంతకుముందు చూడలేదు. జెర్రీ మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మూడు వారాలుగా బిగిసి ఉన్న అతని భుజాలు కిందకి దిగాయి.

“అయితే ముప్పై ఐదూ మంచివేనని రాసేస్తాను,” అన్నాడు టాలివర్ గారు.

“ఉండు. ఎడమవైపు వాటిల్లో మా వాళ్ళెవరన్నా ఉన్నారేమో చూడనీ.” వాండా మిగతా ఇరవై నాలుగింటినీ సరదాగా తడుముతూ వెళ్ళింది. టోపీకి రెండు అంచులున్న ప్యాకెట్ దగ్గర బొటనవేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. “ఇది మా చెయ్యి కాదు.”

“అది చూశానమ్మా. ఒకటే గీత.”

“ఒకటే, కానీ లావుగా ఉంది. గీత మీద గీత. ఎవరో గానీ ఎంత బాగా చేశారో. మా కంటే బాగా చేశారు.”

టాలివర్ గారు దాన్ని అందుకుని మళ్ళీ దీపం కింద పెట్టాడు. ఈసారి ఆయన ముఖం మారింది. నెమ్మదిగా తలెత్తాడు. “జెర్రీ, ఈ పెట్టె ఎవరి దగ్గర ఉంటుంది?”

“నా దగ్గరే.” జెర్రీ పెట్టె వైపు చూశాడు. “నాకు తెలీదండీ. నిజంగా తెలీదు.”

వాండా తను అన్న మాటని వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ముందు చెప్పిన పదకొండూ కూడా అబద్ధమైపోతాయి. ఆవిడ ముఖంలో బాధ ఉంది, చెయ్యి మాత్రం ఆ ప్యాకెట్ మీంచి కదల్లేదు. ఇప్పుడే దిగిన నాన్న భుజాలు మళ్ళీ లేవడం గ్వెన్ చూసింది.

“నేను,” అంది.

ఎవరికీ వినపడలేదు. పిల్లి మాత్రం చెవి కదిపింది.

“నేను చేశాను నాన్నా. జుట్టు కడ్డీతో. ఆరో తరగతిలో. కార్డు ఏదీ తీయలేదు. బబుల్‌గమ్ మూల ముక్క ఒకటి తిన్నాను.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. జెర్రీ తిడతాడని గ్వెన్ ఎదురుచూసింది. ఆయన వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు. ఏదో అడగబోయి ఆగాడు, మళ్ళీ నోరు తెరిచాడు.

“లోపల ఎవరున్నారు?” అన్నాడు, రహస్యం అడిగినట్టు.

గ్వెన్ ఊపిరి తీసుకుంది.

“వద్దు. చెప్పకు,” అన్నాడు వెంటనే.

వాండా పొట్ట పట్టుకుని నవ్వింది. టాలివర్ గారు నవ్వలేదు. టోపీ ప్యాకెట్‌ని ఇంకోసారి చూసి, “ముప్పై ఏళ్ళలో నా కళ్ళు కప్పి వెళ్ళింది ఇదొక్కటే, పాపా,” అన్నాడు. “ఇంకెప్పుడూ చెయ్యకు. నా పొట్ట కొట్టేస్తావు.”

ముప్పై నాలుగు మంచివని, ఒకటి ఇంట్లో పిల్ల విప్పిందని, రెండో గీత ఫ్యాక్టరీలోదేనని ఆయన కాగితం రాసి సంతకం చేశాడు. ఆ కాగితం తనే యూరిక్‌కి ఇస్తానన్నాడు.

“కాగితం నువ్వు తర్వాత ఇద్దువుగాని,” అంది వాండా. “ఆండీ కాగితాలు నమ్మే రకం కాదు. తప్పు ఒప్పుకునే మనిషిని నమ్ముతాడు. గ్వెన్ వెళ్ళి చెప్పాలి. ఆ టోపీ ప్యాకెట్ తీసుకుని.”

“ఒక్కదాన్నా?”

“మరి? అట్లు నేనెయ్యాలి.”

యూరిక్ ఇల్లు రెండు వీధులవతల ఉంది. గ్వెన్ ప్యాకెట్‌ని నాన్న శుభ్రమైన చేతిరుమాల్లో చుట్టుకుని, దారి పొడవునా చెప్పాల్సిన మాటలు వరస వేసుకుంది. తలుపు తెరుచుకోగానే అన్నీ మర్చిపోయింది. యూరిక్ గుమ్మం నిండా ఉన్నాడు, చేతిలో సగం తిన్న శాండ్‌విచ్.

“ఏంటి?” అన్నాడు.

వరస లేకుండానే చెప్పేసింది. వేడి పలక, సరుకు దింపే తలుపు, బెర్నీస్ తొందర, చోచీ ఎడమచెయ్యి, తన జుట్టు కడ్డీ. మధ్యలో రెండుసార్లు తడబడి మళ్ళీ మొదలుపెట్టింది. యూరిక్ సాయం చెయ్యలేదు, తొందరపెట్టనూ లేదు. అంతా అయ్యాక శాండ్‌విచ్ కిటికీ గట్టు మీద పెట్టి, లోపలికెళ్ళి జెర్రీ ఇచ్చిన ప్యాకెట్ తెచ్చాడు. ఆమె చేతిలోది కూడా తీసుకుని, రెండూ ఆకాశం వైపు ఎత్తి పక్కపక్కన పట్టుకున్నాడు. ఒకదానిలో గీతలు రెండు, గోరంత దూరంలో. రెండోదానిలో ఒక్కటే, లావుగా, తిన్నగా.

“ఇందులో బొట్టు ఏ చివర ఉంది? నా కళ్ళకి ఆనడం లేదు.”

“కుడివైపండీ.”

“అంటే వాండాది కాదు.”

“బెర్నీస్ గారిదయ్యుంటుంది. లేకపోతే హెలెన్ గారిది.”

“హెలెన్,” అన్నాడు యూరిక్. కొండ దిగువకి, ఫ్యాక్టరీ ఉండే వైపుకి, కాసేపు చూశాడు. “హెలెన్ నన్ను ఎత్తుకు తిరిగింది.”

అతని మెడ ఎర్రబడింది. గ్వెన్ వేరేవైపు చూసింది.

“మీ నాన్నతో చెప్పు,” అన్నాడు చివరికి, ఆమె ప్యాకెట్ ఆమెకిచ్చేస్తూ. “రేపు పొద్దున ఏడింటికి ఫైర్ హాల్‌కి రమ్మను. బల్లలు వెయ్యడానికి నాకొక మనిషి తక్కువయ్యాడు. తన బల్ల ఎక్కడ వేసుకుంటాడో తనిష్టం. జనమంతా వచ్చాక నేను చెప్పాల్సింది చెప్తాను, అందరి ముందూ.”

“అలాగేనండీ.”

“వాండాని కూడా తీసుకురమ్మను.”

“అలాగే.”

ఇంకా ఏమైనా అంటాడేమోనని ఆమె మెట్టు మీదే నిలబడింది. యూరిక్ తన ప్యాకెట్‌ని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె ముఖం వైపు చూడకుండానే తలుపు వేసేశాడు.